మొద్దుబారని పాదాలు

డిపోలో ఆమెను అందరూ బ్రేకమ్మ అనేవారు. పిల్లి అడ్డొచ్చినా, గాలికి కాగితం ముక్క ఎగిరొచ్చినా ఆమె కాలు బ్రేకు మీదకి పోతుందని ఎవరో వెక్కిరించడానికి పెట్టిన పేరది. కానీ ఇరవై ఏళ్ళకు పైగా సిటీ బస్సు నడిపి, ఒక్క మనిషి ఒంటి మీద గీత పడనివ్వకపోయేసరికి ఆ వెక్కిరింతే బిరుదై కూర్చుంది. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి ఆమె అసలు పేరేమిటో కూడా తెలియదు.

ఇన్నేళ్ళూ క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ పాదం ముందు భాగం కాయ కాచిపోయింది. కుడికాలి చిటికెనవేలి పక్కన ఆనెకాయ లేచింది. ఆనెకాయంటే చూడటానికి కందిగింజంత ఉంటుంది, అడుగు తీసి అడుగు వేస్తే మాత్రం ప్రాణం తోడేస్తుంది. మందుల షాపులో దొరికే పట్టీలు అంటించింది. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకు కూర్చుంది. ఆఖరికి ఓ ఆదివారం పాత బ్లేడు పట్టుకుని కూర్చుంటే, దర్జీ పని చేసే మొగుడు మిషను ఆపి కత్తెర చూపించాడు.

"ఇలా ఇయ్యి, జాకెట్టు చంకలు కత్తిరించినంత నున్నగా కత్తిరిస్తాను."

"నువ్వు కత్తిరించిన జాకెట్లు చూశాను గానీ, నా కాలు వదిలెయ్యి," అందామె.

ఆ ముచ్చట విన్న చెల్లెలు మర్నాడే వచ్చి అక్కను తను పనిచేసే క్లినిక్కుకి తీసుకెళ్ళింది. అది పాదాలకు మాత్రమే వైద్యం చేసే క్లినిక్కు. చెల్లెలిది అక్కడ బిల్లింగ్, కోడింగ్ ఉద్యోగం. ప్రతి జబ్బుకీ ఒక కోడ్, ప్రతి వైద్యానికీ ఒక కోడ్. డాక్టరు ఏం చేశాడో ఆ కోడ్ల భాషలో రాసి బీమా కంపెనీకి పంపితే, కంపెనీ ఆ కోడ్లు చూసి చెల్లించాల్సింది చెల్లిస్తుంది. అక్కడ మనిషి మొహం ఎవరూ చూడరు. కోడ్ ఏం చెబితే మనిషి అదే.

డాక్టరు సన్నటి కత్తితో కాయ కాచిన చర్మాన్ని పొరలు పొరలుగా చెక్కాడు. ఆనెకాయను వేరుతో సహా తవ్వి తీశాడు. బ్రేకమ్మ కుర్చీ చేతులు పట్టుకుని రెండుసార్లు "అబ్బా" అంది, ఒకసారి డాక్టర్ని మనసులో తిట్టుకుంది. లేచి నిలబడితే కాళ్ళు తనవి కావేమో అన్నంత తేలిగ్గా ఉన్నాయి.

"నీకు చిల్లిగవ్వ ఖర్చు లేకుండా చూశానక్కా," అంది చెల్లెలు, గుమ్మం దాకా వచ్చి సాగనంపుతూ.

ఎలా చూశావని బ్రేకమ్మ అడగలేదు. చెల్లెలు చేతికందొచ్చిందని మురిసిపోయింది.

కొన్నాళ్ళకి డిపోలో ఏటేటా జరిగే వైద్య పరీక్షలు వచ్చాయి. చూపు సరిగ్గా ఉంది. రక్తపోటు బాగుంది. షుగరు కొంచెం ఉన్న సంగతి డిపో డాక్టరుకి ఎప్పటినుంచో తెలుసు, మాత్రతో అదుపులోనే ఉంది. ఇక సంతకం పెట్టడమే తరువాయి అనుకుంటుండగా ఆయన కంప్యూటరు తెర వైపు వంగి, కళ్ళజోడు సర్దుకున్నాడు.

"మీకు పాదాల్లో స్పర్శ పోయి ఎన్నాళ్ళయిందమ్మా?"

"ఎవరి పాదాల్లో?"

"మీ పాదాల్లోనే. షుగర్ వల్ల నరాలు దెబ్బతిని స్పర్శ లేదని డిపో మీకు చేయించిన బీమా రికార్డులో ఉంది. అందుకే ఆనెకాయలు తీసినట్టు క్లినిక్కు రాసింది."

బ్రేకమ్మ నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆమె నవ్వూ ఆగిపోయింది.

"నాకు చీమ పాకినా తెలుస్తుందండీ. కావాలంటే పరీక్ష చేసుకోండి."

ఆయన చేశాడు కూడా. ఆమెను కళ్ళు మూసుకోమని, సన్నటి నైలాను పోగుతో అరికాలి మీద అక్కడక్కడా తాకించాడు. తాకినప్పుడల్లా ఆమె చెప్పింది. తాకకుండా ఊరికే ఊరుకున్నప్పుడు, "ఇప్పుడు మీరేం చెయ్యట్లేదు, నన్ను ఆట పట్టిస్తున్నారు," అని కూడా చెప్పింది.

డిపో డాక్టరు చెడ్డవాడు కాదు. పోగు డబ్బాలో పెట్టి నిట్టూర్చాడు. "మీ కాళ్ళు బాగానే ఉన్నాయమ్మా. కానీ ఈ మాట రికార్డులో ఉండగా నేను మిమ్మల్ని స్టీరింగు ముందు కూర్చోబెడితే, రేపు ఖర్మ చాలక ఏదైనా జరిగితే నన్ను నిలదీస్తారు. రాసినవాళ్ళు తప్పని దిద్దితే గానీ నా చేతులు కట్టేసినట్టే."

"కాళ్ళు నావి. వాటి మాట నేను చెబితే చెల్లదా?"

"చెల్లదమ్మా," అన్నాడాయన తల వంచుకుని.

ఆ మధ్యాహ్నమే ఆమెను విచారణ కౌంటరులో కూర్చోబెట్టారు. జీతం తగ్గదన్నారు. పైన ఫ్యాను తిరుగుతుందన్నారు. ఇంటికొచ్చి చెబితే మొగుడు కూడా మొహం విప్పార్చుకున్నాడు.

"మంచిదే కదే! ఎండా వానా లేని ఉద్యోగం. రిటైరయ్యేదాకా కాలు మీద కాలేసుకుని కూర్చో."

"ఆ కాళ్ళే లేవంటున్నారు, కాలు మీద కాలేంటి!" అని ఆమె మంచినీళ్ళ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టింది.

సాయంత్రం చెల్లెల్ని పిలిపించింది. చెల్లెలు వస్తూనే అక్క మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. విషయం విని సోఫా అంచున కూలబడింది.

"ఆనెకాయ చెక్కడమంటే బీమా వాళ్ళ లెక్కలో గోళ్ళు కత్తిరించుకోవడం లాంటిదక్కా. దానికి వాళ్ళు ఇవ్వరు. పాదంలో స్పర్శ లేనివాళ్ళకైతే ఇస్తారు. ఎందుకంటే వాళ్ళు ఇంట్లో కోసుకుంటే తెగినా తెలీదు, పుండు పడి కాలే తీసెయ్యాల్సి రావచ్చు. అందుకని..."

"అందుకని నా కాళ్ళని చంపేశావా?"

"కోడ్ వెనకాల ఒక చిన్న అక్షరం తగిలించాను, అంతే. మా దగ్గర షుగర్ ఉన్నవాళ్ళందరికీ అలాగే తగిలిస్తాం. డాక్టర్ గారే పెట్టమంటారు. నీకు ఖర్చు కాకూడదని... ఇది డిపో దాకా పోతుందని నాకేం తెలుసు?"

"సరే, జరిగిందేదో జరిగింది. రేపెళ్ళి ఆ అక్షరం పీకెయ్యి."

చెల్లెలు మర్నాడు డాక్టరుని అడిగింది. అడిగినంత సేపు పట్టలేదు ఆయన కాదనడానికి. ఒక్కటి దిద్దితే బీమా వాళ్ళకి అనుమానం వస్తుంది, తీగ లాగితే డొంకంతా కదులుతుంది, ఆ కాగితం జోలికి పోవద్దు, పోతే మరో చోటు చూసుకోవాలి అన్నాడు. ఆ సంగతి చెల్లెలు ఫోనులో చెప్పి, చివర ఒక మాట కలిపింది.

"వదిలెయ్యక్కా. నా జీతం మీదే మా ఇల్లు నడుస్తోందని నీకు తెలుసుగా. నీకు జీతమైతే పోలేదుగా?"

బ్రేకమ్మ ఫోను పెట్టేసింది.

కౌంటరు ఉద్యోగం మొదలైంది. ఫలానా బస్సు ఎప్పుడొస్తుంది, ఫలానా బస్సు ఎక్కడాగుతుంది అని జనం కన్నంలోంచి అడుగుతుంటే చెప్పడమే పని. బస్సులు గేటు దాటే చప్పుడు వినిపించినప్పుడల్లా బల్ల కింద ఆమె ఎడమకాలు దానంతటదే కదిలేది. ఏ బస్సు ఎవరు నడుపుతున్నారో, ఎవరు క్లచ్ సగం తొక్కి గేరు మారుస్తున్నారో చూడకుండానే చెప్పగలిగేది. చెప్పి ఏం లాభం?

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకావిడ. బ్రేకమ్మకి కౌంటరు కంటే డిపోలో నవ్వులే ఎక్కువ గుచ్చుకున్నాయి. ఓ కుర్ర డ్రైవరు టీ కప్పుతో వచ్చి కౌంటరు తలుపు దగ్గర నిలబడి, "పిన్నీ, కాలు గిల్లితే తెలుస్తుందా?" అని పళ్ళికిలించాడు. ఆమె లేచి, నిదానంగా అతని దగ్గరకి వచ్చి, తన బూటు అతని చెప్పుకాలి మీద పెట్టి నొక్కింది.

"నీకు తెలుస్తోందా నాయనా?"

కప్పులో టీ సగం నేలపాలైంది. ఆ తరవాత డిపోలో ఎవరూ ఆమె ఎదుట నవ్వలేదు. చాటున నవ్వుకున్నారేమో, అది వేరే సంగతి.

సెలవు పెట్టి బీమా ఆఫీసుకి వెళ్ళింది. అద్దం వెనకాల కూర్చున్న అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. క్లినిక్కు దిద్ది పంపితే తప్ప తాము ముట్టుకోబోమంది. క్లినిక్కేమో దిద్దనంటోంది. డిపో ఏమో దిద్దితేనే అంటోంది. ముగ్గురూ తలుపులు మూసుకుని ఎవరింట్లో వాళ్ళు క్షేమంగా ఉన్నారు, మధ్య వీధిలో బ్రేకమ్మ నిలబడి ఉంది.

ఆ ఆదివారం మొగుడు కుడుతున్న చొక్కా పక్కన పెట్టి మెల్లగా అన్నాడు. "నీ పంతం నెగ్గితే చెల్లెలి ఉద్యోగం ఊడుతుంది. ఆలోచించుకో."

"ఆలోచిస్తూనే ఉన్నా. అది తప్ప ఇంకేం పని చేస్తున్నా నేను?" అందామె. "దాన్ని నేను అడగను. రాయించినవాణ్ణే అడుగుతా. నా కాళ్ళు నన్ను ఇన్నేళ్ళు మోశాయయ్యా. లేవని ఎవడో రాస్తే ఊరుకుని, ఆ ఫ్యాను కింద కూర్చుని రోజూ అబద్ధం తినమంటావా?"

ఆయన మళ్ళీ చొక్కా అందుకున్నాడు. "వెళ్ళేటప్పుడు మంచి బూట్లేసుకెళ్ళు," అన్నాడు.

చెల్లెలికి చెప్పకుండానే బ్రేకమ్మ క్లినిక్కుకి వెళ్ళింది. హాలు నిండా జనం. గోడకి పాదం ఎముకల బొమ్మ, మధ్యలో పొట్టి గాజు బల్ల, దాని మీద చిరిగిన పత్రికలు. స్పిరిటు వాసన. ఓ మూల గాజు కిటికీ వెనక చెల్లెలు కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. అక్కను చూసి ఆమె వేళ్ళు మీటల మీదే ఆగిపోయాయి.

డాక్టరు ఆమెను వెంటనే లోపలికి పిలిచాడు. ఆయనది మెత్తటి గొంతు. అంతా విని, జేబురుమాలుతో చేతులు తుడుచుకుంటూ నవ్వాడు.

"మీ బాధ అర్థమైందమ్మా. ఒక పని చేద్దాం. ఇకనుంచి మీ కాళ్ళకి ఏం వచ్చినా జీవితాంతం ఉచితంగా చూస్తాను. సరేనా?"

"ఉచితంగా చూసే కదండీ ఇంత పని చేశారు!"

ఆయన నవ్వు సన్నబడింది. బయట చాలామంది ఎదురు చూస్తున్నారని గుర్తుచేశాడు. తలుపు చూపించాడు.

బ్రేకమ్మ బయటికి వచ్చింది, కానీ వెళ్ళిపోలేదు. హాలు మధ్యలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని బూట్లు విప్పింది. మేజోళ్ళు విప్పింది. రెండు కాళ్ళూ ఎత్తి ఆ గాజు బల్ల మీద, పత్రికల పక్కన పెట్టింది. బస్సులో ఆఖరి సీటు దాకా వినిపించేలా అరవడం అలవాటైన గొంతు ఆమెది.

"అయ్యల్లారా, అమ్మల్లారా, ఈ పాదాలు చూడండి. వీటికి స్పర్శ లేదని ఇక్కడ రాశారు. రాసినందుకు నన్ను బస్సు దింపేశారు. ఎవరైనా వచ్చి ఓ పుల్ల తాకించండి. తెలియలేదంటే ఇప్పుడే లేచి పోతాను."

ఎవరూ కదల్లేదు. తరవాత ఓ మూల నుంచి చేతికర్ర పట్టుకున్న పెద్దాయన లేచాడు. మాస్టారిలా ఉన్నాడు. జేబులోంచి పెన్ను తీసి, మూత తీయకుండా ఆమె అరికాలికి తాకించాడు. కాలు చటుక్కున వెనక్కి పోయింది.

"చక్కిలిగింత కూడానా!" అన్నాడాయన. హాల్లో రెండు మూడు నవ్వులు వినిపించాయి.

"మీకూ షుగర్ ఉందా మాస్టారూ?"

"ఉందమ్మా."

"కాళ్ళలో స్పర్శ?"

"బ్రహ్మాండంగా ఉంది."

"అయితే మీ గురించి ఏం రాశారో ఒకసారి అడిగి చూసుకోండి. నేను అడక్కే ఇంత దూరం వచ్చింది."

నవ్వులు ఆగిపోయాయి. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాస్టారు చేతికర్ర టకటకలాడిస్తూ గాజు కిటికీ వైపు నడిచాడు. ఆయన వెనకే ఇంకొకావిడ లేచింది.

సరిగ్గా అప్పుడే డాక్టరు గది తలుపు తెరుచుకుంది. ఆయన హాలంతా చూసి, బల్ల మీది కాళ్ళు చూసి, ఒక్క క్షణం తడబడ్డాడు. అంతలోనే సర్దుకుని చేతులు జోడించాడు.

"కంగారు పడకండి. టైపు చేసేవాళ్ళ పొరపాటు. మా కోడర్ తెలియక తప్పు కోడ్ వేసింది. ఆమె సంగతి నేను చూసుకుంటాను."

బ్రేకమ్మ కాళ్ళు బల్ల మీంచి వాటంతటవే కిందికి దిగాయి. ఆమె అనుకున్నది ఇది కాదు. డాక్టరుని కొట్టబోతే దెబ్బ చెల్లెలికి తగిలింది. దాని తప్పేం లేదందామా? రాసింది అదే. ఉందందామా? అది తన చెల్లెలు.

గాజు కిటికీ పక్కకి జరిగింది. చెల్లెలు లేచి నిలబడింది. మొహం పాలిపోయి ఉంది, చున్నీ కొస వేలికి చుట్టుకుని ఉంది.

"తెలియక వెయ్యలేదండీ. తెలిసే వేశాను," అంది. "రాసింది నేను. రాయమన్నది మీరు. పొరపాటైతే ఒక్కరికి జరుగుతుంది. ఇంతమందికి ఎలా జరుగుతుంది?"

"నువ్వు లోపలికి రా, మాట్లాడుకుందాం."

"మాట్లాడుకున్నాం కదండీ మొన్న." చెల్లెలు మళ్ళీ కూర్చుంది. మీటల చప్పుడు మొదలైంది. అక్క పేరు తెర మీదకి తెచ్చింది, ఆ అక్షరం తీసేసింది, స్పర్శ ఉంది అని రాసింది, దిద్దుబాటు అని గుర్తు పెట్టింది.

"ముందు లాగౌట్ చెయ్యి," అన్నాడు డాక్టరు. ఇప్పుడా గొంతులో మెత్తదనం లేదు.

"ఇంకా అయిపోలేదండీ."

ఆయన కిటికీ వైపు రెండడుగులు వేశాడు. కిటికీకి ఇటు మాస్టారు నిలబడి ఉన్నాడు, పక్కన ఆవిడ, వాళ్ళ వెనక ఇంకొందరు. ఎవరూ ఏమీ అనలేదు, దారి మాత్రం ఇవ్వలేదు. డాక్టరు కాసేపు నిలబడి, గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. చెల్లెలు పంపాల్సింది పంపింది. తరవాత మాస్టారి వైపు తిరిగి, "మీ పేరు చెప్పండి," అంది.

ఆ సాయంత్రానికే ఆమె ఉద్యోగం పోయింది.

ఇద్దరూ క్లినిక్కు ఎదురుగా ఫుట్‌పాత్ మీద నిలబడ్డారు. బ్రేకమ్మ చెల్లెలి చేతులు పట్టుకోబోతే విదిలించుకుంది.

"నీకు సంతోషమేనా ఇప్పుడు?"

"లేదే," అంది బ్రేకమ్మ.

"నాకోసం ఒక్కసారి నోరు మూసుకోలేకపోయావు."

"మూసుకోలేకపోయాను. నీ మీదకి తోస్తాడని మాత్రం అనుకోలేదు. నువ్వు లేవకపోయినా నిన్నేం అనేదాన్ని కాదు."

"నీ కోసం లేవలేదులే," అంది చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూ. "తెలియక వేశానన్నాడు చూడు, దానికి లేచాను. నా పని నాకు తెలియదంటాడా!"

చెల్లెలు చాలా రోజులు అక్క ఇంటి గుమ్మం తొక్కలేదు. బ్రేకమ్మే వెళ్ళేది. వెళ్ళి, వంటింట్లో ఓ పక్క కూర్చుని, మాట్లాడకపోయినా కూరగాయలు తరిగి పెట్టి వచ్చేది. ఒకరోజు చెల్లెలు, "ముక్కలు మరీ పెద్దగా తరుగుతున్నావు," అంది. కోపం తగ్గిందని బ్రేకమ్మకి అప్పుడు తెలిసింది.

ఉద్యోగం ఎందుకు మానేశావని అడిగిన ప్రతిచోటా చెల్లెలు జరిగింది జరిగినట్టే చెప్పింది. కొందరు మళ్ళీ కబురు చేస్తామన్నారు, చెయ్యలేదు. చివరికి ఎముకల ఆసుపత్రిలో ఓ పెద్దావిడ అంతా విని, "మా దగ్గర ఎవరైనా అలా రాయమంటే నాకొచ్చి చెబుతావా?" అని అడిగింది. "మీరే రాయమంటే?" అని ఎదురడిగింది చెల్లెలు. ఆవిడ నవ్వి, సోమవారం నుంచి రమ్మంది.

పాదాల క్లినిక్కు మూతపడలేదు. బీమా వాళ్ళు వచ్చి పాత కోడ్లన్నీ తిరగేస్తున్నారని, డాక్టరు ఎవరితోనూ మెత్తగా మాట్లాడటం లేదని చెప్పుకున్నారు. బ్రేకమ్మ ఆనెకాయకి కంపెనీ ఇచ్చిన డబ్బు వెనక్కి తీసుకోవడంతో ఆమె పేరు మీద బిల్లు వచ్చింది. ఆమె కిక్కురుమనకుండా కట్టేసింది. మొగుడు మాత్రం, ఇంత ఖరీదైన చర్మమని తెలిస్తే పారేయకుండా తెచ్చుకునేవాళ్ళం కదే అన్నాడు.

డిపో డాక్టరు రికార్డు చూసి, చెప్పిన మాట ప్రకారం సంతకం పెట్టాడు. మేనేజరుకి మాత్రం ఇదంతా మింగుడు పడలేదు. ఊరంతా అల్లరి చేసిందని లోపల కోపం. ఆమె పాత రూటు వేరేవాళ్ళకి ఇచ్చేశామని చెప్పి, ఎవరూ ఒప్పుకోని గుట్ట రోడ్డు ఆమె ముందు పెట్టాడు. డిపోలోకెల్లా ముసలి బస్సు. కౌంటరు ఇంకా ఖాళీగానే ఉంది, కావాలంటే ఆలోచించుకోండి అన్నాడు.

"తాళం ఇవ్వండి," అందామె.

ఆ బస్సు స్టార్టు కావడానికి మూలిగింది, గేరు మార్చడానికి మొండికేసింది. క్లచ్ రాయిలా ఉంది. బ్రేకమ్మ ఎడమకాలు దాని మీద మోపింది. కొత్తగా వచ్చిన పల్చటి చర్మం కింద ఆ ఇనుము వణుకు అరికాలంతా పాకింది. నొప్పి కూడా ఉంది. ఆమె ఇంకాస్త గట్టిగా తొక్కింది.

గుట్ట మొదట్లో బస్సు ఆగితే, సంచీలతో ఓ నడివయసావిడ మెట్టు మీద కాలు పెట్టి, బస్సును కిందికీ మీదికీ అనుమానంగా చూసింది.

"ఏమ్మా, ఇది పైదాకా ఎక్కుతుందంటావా?"

"దాన్ని అడక్కండి, నన్నడగండి," అంది బ్రేకమ్మ, మొదటి గేరు వేస్తూ. "ఎక్కిస్తాను. కూర్చోండి."